ఏటి కిరువైపుల పిల్లలు

పిల్లలు కలహించుకొనని వీథి లోకమున లేదు. మగపిల్లల జట్టొకటి, ఆడపిల్లల జట్టొకటి యేర్పడుట, నడుమ బొగ్గుతో గీత గీసికొనుట, గీత దాటిన వారిని బెదరించుట మా చిన్ననాడును కలదు, నేడును కలదు. బిళ్ళంగోడు ఆడు స్థలమును తొక్కుడుబిళ్ళ వారు ఆక్రమించిరని యొకరును, తొక్కుడుబిళ్ళ గడులను కావలెనని చెరిపివేసిరని మఱియొకరును అమ్మలయొద్ద వ్యాజ్యములు వేయుదురు. పొయ్యిమీద కూర మాడుచుండగా ఇరుపక్షముల వాదమును వినుటకు అమ్మలకు తీరికయెక్కడిది? ఇరువురికిని చెరియొక దెబ్బ వేసి వ్యాజ్యమును కొట్టివేయుదురు. ఇంత ప్రాచీనమైన ఈ యుద్ధమునకు చరిత్ర వ్రాయువారు అరుదుగా ఉండుట వింతగానే తోచును.

అమెరికాదేశమున ఈ యుద్ధమునకు ఒక చరిత్రకారిణి దొరకినది. ఆమె పేరు ఫిలిస్ రేనాల్డ్స్ నేలర్. 1933లో ఇండియానా రాష్ట్రమునందలి ఆండర్సన్ పట్టణమున జన్మించిన ఈ రచయిత్రి, ఒక బాలునికిని ఒక కుక్కపిల్లకును గల అనుబంధమును వర్ణించిన ‘షైలో’ అను నవలకు 1992లో న్యూబెరీ పతకమును గైకొనెను. ఆ మఱుసటి సంవత్సరము, అనగా 1993లో, ‘ది బాయ్స్ స్టార్ట్ ది వార్’ అను హాస్యనవలను వెలువరించెను. మగపిల్లలు యుద్ధమును మొదలుపెట్టిరి అని దాని యర్థము. ఆ యేడే దానికి జవాబుగా ఆడపిల్లలు బదులు తీర్చుకొను రెండవ నవల వచ్చెను. ఇట్లు జవాబునకు జవాబుగా 2006 నాటికి పండ్రెండు సంపుటములు వెలువడినవి. చివరి సంపుటమునకు రచయిత్రి యుంచిన పేరు, యుద్ధమున గెలిచినదెవరు అను ప్రశ్న.

విశాఖపట్టణమున పాతపుస్తకముల అంగడిలో మొదటి సంపుటము మా చేతబడినది. అట్టమీది బొమ్మను చూచి, ఇది పిల్లల పుస్తకము గదా, రైలులో చదివి ఎవరికైన ఇచ్చివేయుద మనుకొంటిమి. ఇల్లు చేరులోపల రెండుసార్లు పైకి నవ్వితిమి. ప్రక్కనున్న పెద్దమనిషి మమ్ము అనుమానముతో చూచి తన సంచిని దగ్గరకు జరుపుకొనెను. నలుబది దాటిన వయసున రైలులో ఒంటరిగా నవ్వువాడు అట్లే కనబడును కాబోలు.

కథ యిది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున బక్‌మన్ అను చిన్న పట్టణము. ఆ యూరిలో ఏటి ఈవలిగట్టున హాట్‌ఫర్డుల ఇల్లు. వారికి నలుగురు మగపిల్లలు: జేక్, జాష్ అను కవలలు, వారి వెనుక వాలీ, అందరికంటె చిన్నవాడు పీటర్. ఏటి ఆవలిగట్టున వారి ప్రాణస్నేహితులైన బెన్‌సన్ పిల్లలు ఉండెడివారు. వారును మగపిల్లలే. ఆ కుటుంబము తండ్రి యుద్యోగము కారణముగా జార్జియా రాష్ట్రమునకు తరలిపోయెను. ఖాళీయైన ఇంటిలోనికి ఒహాయో రాష్ట్రమునుండి మాలాయ్ అను కుటుంబము అద్దెకు వచ్చెను. మరల మగపిల్లలే దిగుదురని వేయి కన్నులతో ఎదురుచూచుచున్న హాట్‌ఫర్డు పిల్లలకు, బండిలోనుండి దిగిన ముగ్గురును ఆడపిల్లలే యగుట పిడుగుపాటు వలె నాయెను. పెద్దది ఎడ్డీ, నడిమిది బెత్, చిన్నది కారొలైన్.

ఇక ఆలోచన సాగినది. ఈ బాలికల బ్రదుకును దుర్భరము చేసినచో వారు ఒహాయోకు మరలిపోవుదురు. వారు పోయినచో ఇల్లు ఖాళీయగును. ఇల్లు ఖాళీయైనచో బెన్‌సన్‌లు తిరిగి వచ్చెదరు. పెద్దల రాజ్యతంత్రములు అనేకములు ఇంతకంటె గట్టి పునాదిమీద నిలిచినవి కావు. మొదటి యుపాయముగా బాలురు చచ్చిన చేపలను, మఱికొన్ని మృతజీవములను ప్రోగుచేసి ఆవలిగట్టున పడవేసిరి. ఏటినీరు పాడైనదని బాలికలు భ్రమపడి పారిపోవలెనని వారి యూహ. బాలికలు భ్రమపడలేదు. అంతకంటె పెద్ద నాటకమునకు తెర యెత్తిరి. గొప్పనటి కావలెనని కలలు గను కారొలైన్ చచ్చినట్లు నటించెను. అక్కలిరువురును ఆమెను దుప్పటిలో చుట్టి, ఏటికి కొనిపోయి, బాలురు చాటునుండి చూచుచుండగా కడు దుఃఖముతో ఏటిపాలు చేసిరి. తాము పడవేసిన కుళ్ళు వలననే ఆ పిల్ల చచ్చినదేమో యని వాలీ హృదయము గుబగుబలాడెను. తరువాత ఆ చచ్చిన పిల్ల బడికి వచ్చి, సరిగా వాలీ తరగతిలో, వాని వెనుకనే కూర్చుండెను. బాలురు మొదలుపెట్టిన యుద్ధము అటుమీద వారి యదుపున ఉండలేదని వేఱుగా చెప్పనక్కరలేదు.

ఈ నవలలోని హాస్యము ఎట్లు పుట్టుచున్నదో మా విద్యార్థులు గమనింపదగును. రచయిత్రి ఒక ప్రకరణమును వాలీ కంటితోను, తరువాతి ప్రకరణమును కారొలైన్ కంటితోను చూపును. కావున ఇరుపక్షముల కుట్రలును పాఠకునికి తెలియును. ఆ పిల్లలకు మాత్రము సగమే తెలియును. తెలిసిన వానికి తెలియని వాని ధీమా కంటె నవ్వు పుట్టించునది లేదు. మఱియొక కీలకము కలదు. పిల్లలు కత్తులు నూరుకొనుచుండగా పెద్దలు ఒకరినొకరు మర్యాదతో పలుకరించుకొందురు. ప్రొద్దున శత్రువు నెత్తిన నీళ్ళు కుమ్మరింపదలచిన బాలుడు, సాయంకాలము తల్లి యెదుట అదే శత్రువునకు నమస్కారము చేయవలసి వచ్చును. పీటరను చిన్నవాడు ఇరుపక్షములకును ప్రమాదమే. వాని చేతిలో ఒక తీపి బిస్కత్తు పెట్టినచో సైన్యరహస్యములన్నియు బయటపడును. తిట్టు లేదు, వెక్కిరింత లేదు, ఎవరి కులమును రంగును ఎత్తిచూపుట లేదు; ఉన్నదల్లా తాను త్రవ్విన గోతిలో తానే పడుట.

హాట్‌ఫర్డు, మాలాయ్ అను ఇంటిపేర్లు విన్నంతనే ఆ దేశపు పెద్దలకు వేఱొక కథ జ్ఞప్తికి వచ్చును. వెస్ట్ వర్జీనియాకును కెంటకీకిని సరిహద్దుగా టగ్ ఫోర్క్ అను నది పారుచున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో దాని యొకగట్టున హాట్‌ఫీల్డులును, ఎదుటిగట్టున మెకాయ్‌లును ఉండిరి. 1878లో ఒక పంది ఎవరిదను తగవు న్యాయస్థానమున కెక్కెను. 1882లో ఎన్నికల దినమున జరిగిన కొట్లాటలో ఒక హాట్‌ఫీల్డు చనిపోగా, ముగ్గురు మెకాయ్ సోదరులను పట్టి కాల్చిచంపిరి. 1888 జనవరి 1వ తేదీ రాత్రి మెకాయ్‌ల ఇంటికి నిప్పు పెట్టిరి. రెండు రాష్ట్రముల గవర్నరులు కలహించుకొనిరి. వ్యవహారము ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకును పోయెను. 1890లో ఒకనికి ఉరిశిక్ష జరిగినది. ఆ రెండు వంశములవారును లాంఛనముగా సంధిపత్రముపై చేవ్రాలు చేసినది 2003లో! ఒక పందితో ముదిరిన పగను కాగితముమీద ముగించుటకు నూటయిరువది యైదేండ్లు పట్టినది. అంతటి నెత్తుటి కథ నీడలో చచ్చిన చేపల యుద్ధమును నిలిపి పిల్లలను నవ్వించుట సామాన్యమైన పని కాదు. పెద్దలు ఏటి కిరువైపుల నిలిచి ఏమి చేసిరో పిల్లలకు తెలియనవసరము లేదు. తెలిసిన పెద్దలు మాత్రము నవ్వుచునే కొంచెము తలవంచుకొందురు.

ఈ పుస్తకమును మేము కేవలము మా వినోదము కొఱకే దాచుకొనియుంటిమి. దానిని తరగతికి కొనిపోవలసిన యవసరము వేఱొక విధముగా కలిగెను.

మా యూరు పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటినచో పాతపట్టణము, ఆంధ్రదేశము. ఈవల ఒడిశా. మేము విజయనగరమున ఉపాధ్యాయశిక్షణ పొంది ఈవలికి వచ్చి తెలుగు చెప్పుచున్నారము. మా యెనిమిదవ తరగతిలో బాలురు 14 మంది, బాలికలు 8 మంది. గత సంవత్సరము వేసవి సెలవుల తరువాత, బంతి విసరుటలో మేటియైన ఒక బాలుడు ఇంగ్లీషు మాధ్యమమున చదువుటకు శ్రీకాకుళము పోయెను. వాని స్నేహితులు కొన్నిదినములు అన్నము సయించనట్లు తిరిగిరి. వారు ఖాళీచేసిన ఇంటిలోనికే ఖరగ్‌పూరునుండి ఒక కుటుంబము వచ్చెను. వారి పెద్దమ్మాయి మా తరగతిలో చేరెను. బాలికలు 9 మంది యైరి.

ఖరగ్‌పూరు తెలుగువారిని గూర్చి మా పాఠకులలో కొందఱకు తెలిసియుండును. బెంగాల్ నాగపూర్ రైల్వే నాళ్ళలో పనికై మన ఉత్తరాంధ్రమునుండి పోయి అచ్చట నిలిచిపోయిన కుటుంబములు అనేకములు. తరములు మాఱినను ఇంట తెలుగు విడువలేదు. అయితే ఆ తెలుగులో హిందీయు బంగాళీయు చేరినవి. ఈ అమ్మాయి “ఏక్‌దమ్” అనక ఏ మాటయు చెప్పలేదు. ఒడియా ముక్క లేనిదే ఒక వాక్యమునైన ముగింపలేని మా బాలురు, ఆ యొక్క మాటను పట్టుకొని ఆమె తరగతిలో అడుగిడినప్పుడెల్ల “ఏక్‌దమ్ వచ్చింది” అని గుసగుసలాడజొచ్చిరి. తమ స్నేహితుని ఇంట ఆమె నివసించుటయు నేరములలో చేరినది.

ఒకనాడు ఆమె తండ్రి బడికి వచ్చెను. నెమ్మదియైన మనిషి.

“మాస్టారూ, పిల్ల బడికి వెళ్ళనంటోందండి. మాట తేడాగా ఉందని నవ్వుతున్నారట. ఒడియా బడిలో వేసేద్దామనుకుంటున్నాను. అక్కడైతే ఆ భాష ఎలాగూ రాదు కాబట్టి ఎవరూ నవ్వరు” అనెను.

ఆయన హాస్యమునకు చెప్పిన మాట కాదది. వచ్చిన భాషకు నవ్వుదురు, రాని భాషకు ఓర్చుకొందురు, ఎంత విపరీతము! వంగదేశమున అన్ని తరములు నిలుపుకొన్న తెలుగును, తెలుగు బడిలో తెలుగుపిల్లలు నవ్వినందున ఒక యిల్లు విడిచిపెట్టుట కంటె చింతింపదగిన దేమున్నది? పైగా 23 మంది యున్న తరగతిలో ఒకరు తగ్గినను ఆ లోటు కంటికి కనబడును. “ఒక నెల ఆగండి” అని మాత్రమే మేము కోరితిమి.

నీతులు చెప్పుట సులభము. కాని నీతులకు బాలుర చెవులు పుట్టుకతోనే మూసికొనియుండును. కావున శనివారపు చివరి పీరియడునందు కథ చెప్పెదమంటిమి. పుస్తకము ఇంగ్లీషు; చెప్పునది తెలుగు. చేతిలో పుస్తకము తెఱచి, నోటితో తెలుగు చేయుచు పోతిమి.

మొదటి చిక్కు పేర్లతో వచ్చెను. “వాలీ” అనగానే, “సుగ్రీవుడెవరు మాస్టారూ?” అని వెనుకబల్లనుండి ప్రశ్న. “ఎడ్డీ” అనగానే బాలురు విరగబడి నవ్విరి. మన భాషలో ఎడ్డి యనగా తెలివిలేనిదని గదా యర్థము. రెండవ వారమునకు ఆ యెడ్డియే ఇరుగట్టులలోను మిక్కిలి తెలివిగలదని తేలినందున బాలికలు విరగబడి నవ్విరి. ఎడ్డెమనిన తెడ్డెమను సామెత ఈ కథ కొఱకే పుట్టినట్లున్నదని మేమంటిమి. నాటినుండి తరగతిలో బాలుర పక్షము ఎడ్డెము, బాలికల పక్షము తెడ్డెము అయ్యెను.

చచ్చిన చేపల ఘట్టమున బాలురు జయఘోష చేసిరి. కారొలైన్ యంత్యక్రియల ఘట్టమున అందఱును నిశ్శబ్దముగా వినిరి. వాలీ వెనుకబల్లమీద చచ్చిన పిల్ల ప్రత్యక్షమైన చోట మేము పుస్తకమునుండి తల యెత్తునంతలో, అంతవరకును నోరు విప్పని ఖరగ్‌పూరు అమ్మాయి పట్టలేక, “వాడికి ఏక్‌దమ్ అలాగే కావాలి!” అని యరచెను. తరగతియంతయు గొల్లుమనెను. ఆమె ముఖము ఎఱ్ఱబడెను. అయితే ఆ నవ్వు వేఱు. బాలురు నవ్వినది ఆమె మాటకు కాదు, వాలీ యవస్థకు. నవ్వునకు గుఱి యగుటయు, నవ్వులో భాగస్వామి యగుటయు ఎంత దవ్వో, ఆ యొక్క క్షణమున ఆమె ముఖమే చెప్పెను.

నాలుగవ శనివారమున, శ్రీకాకుళము పోయిన బాలుని ప్రాణస్నేహితుడు లేచి నిలుచుండెను. వాడు కథను మిక్కిలి శ్రద్ధతో వినుచున్నట్లు మేము గమనించుచునే యుంటిమి.

“మాస్టారూ, ఆ బెన్‌సన్ పిల్లలు తిరిగొచ్చేస్తే ఈ అమ్మాయిలు ఎక్కడికి వెళ్ళాలండి?”

మేము జవాబు వెదకుకొనులోపల ఆ యమ్మాయియే కూర్చున్నచోటినుండి పలికెను: “ఎక్కడికీ వెళ్ళరు. ఇంకో ఇల్లు చూసుకుంటారు.”

దానికి బాలుడు కొంతసేపు ఆలోచించి, “అదీ నిజమే” అని కూర్చుండెను.

ఆ రాత్రి మాకు ఆ జవాబే పదేపదే జ్ఞప్తికి వచ్చెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఈ పట్టణము ఒడిశా రాష్ట్రమున చేరినప్పుడు, ఇచ్చట జీవితమంతయు గడిపి, సవర భాషకు నిఘంటువును కూర్చి, వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పోవుట ఆయన నిర్ణయము. దానిని తప్పుపట్టుటకు మే మెంతవారము? కాని పోనివారు వేలకొలది కలరు. వారు ఎక్కడికిని వెళ్ళలేదు. పిల్లలను బడిలో వేసిరి, బజారులో ఒడియా నేర్చిరి, ఇంట తెలుగు పలికిరి. మా విద్యార్థుల తాతముత్తాతలు వారే. ఇల్లు ఒకరిదైనచో మఱియొకరికి తావు లేదనుకొనుట హాట్‌ఫర్డు పిల్లల లెక్క. ఊరు పెద్దది, ఇంకొక ఇల్లు ఎప్పుడును దొరకునని పదుమూడేండ్ల పిల్ల చెప్పినది. (గిడుగువారి యూరిలో కూర్చుండి మేమిట్లు గ్రాంథికము వ్రాయుచున్నందులకు పంతులుగారు పైలోకమున నవ్వుచునే యుందురు. ఆ నవ్వును మేము సంతోషముతో శిరసావహించుచున్నాము.)

తరువాత ఏమి జరిగినదని తల్లిదండ్రులు అడుగవచ్చును. కథలలో వలె అందఱును కౌగిలించుకొనలేదు. ఎడ్డెము తెడ్డెము పక్షములు నేటికిని కలవు. నల్లబల్ల తుడుచు గుడ్డ నిత్యము మాయమగుచున్నది. “ఏక్‌దమ్” అను మాట ఇప్పుడు తరగతియంతయు వాడుచున్నారు; అది వెక్కిరింతయో వాడుకయో మేము పోల్చలేకున్నాము. ఆ యమ్మాయి మాత్రము తన్ను వెక్కిరించిన వానికి “సుగ్రీవుడు” అని పేరు పెట్టెను. ఆ పేరు వానికి చక్కగా అతికినది. నెల గడచిన పిమ్మట ఆమె తండ్రి వచ్చి ఒడియా బడి మాట యెత్తలేదు. “ఆ కథ అయిపోయిందాండి? ఇంట్లో చిన్నది కూడా అడుగుతోంది” అని మాత్ర మడిగెను.

ఇట్టి కథలు పరీక్షకు పనికివచ్చునా యని ప్రశ్నించు పెద్దలు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇరుగుపొరుగు భాషయు, హిందీయు, ఇంగ్లీషును నేర్వవలసిన మన పిల్లలకు కాలము తక్కువ. కాని పిల్ల ఏ భాషలో నవ్వునో ఆ భాషను విడువదు. పరీక్ష కొఱకు మాత్రమే చదివిన భాష పరీక్షతో పాటు ముగియును. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను, నాగిరెడ్డి చక్రపాణిగార్లు 1947లో ‘చందమామ’ను నెలకొల్పినప్పుడు ఎఱిగిన సత్యమిదియే. ఆ రెండును నేడు వెలువడుటలేదు. ముళ్ళపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ మాత్రము బాపుగారి బొమ్మలతో ఇంకను మన యిండ్లలో అల్లరి చేయుచున్నాడు. వానికిని పొరుగున సీగానపెసూనాంబ కలదు గదా! అయితే ఒక పేటలోని మగపిల్లలు, ఆడపిల్లలు రెండు జట్లుగా చేరి పండ్రెండు సంపుటముల పర్యంతము ఎత్తుకు పైయెత్తు వేయు నవల మనకు కావలసియే యున్నది.

అది ఎక్కడనో పుట్టవలెనని ఎదురుచూడనేల? ఏరు మనకు కలదు. రెండు గట్టులును కలవు. ఇటు ఒక రాష్ట్రము, అటు ఒక రాష్ట్రము. బెన్‌సన్‌ల వలె పోయినవారును, మాలాయ్‌ల వలె వచ్చినవారును ప్రతి వీథిలో కలరు. మా తరగతి విద్యార్థులు ఇప్పటికే మహేంద్రతనయ గట్టున జరుగు ఒక యుద్ధకథను మొదలుపెట్టినారు. ఒక ప్రకరణమును ఎడ్డెము వారు, తరువాతి ప్రకరణమును తెడ్డెము వారు వ్రాయవలెనని ఒప్పందము. మూడవ ప్రకరణమున బాలురు ఓడినట్లు బాలికలు వ్రాసినందున నాలుగవది ఇంకను మా చేతికి రాలేదు. వచ్చినప్పుడు, వారి వారి యిండ్లలో పలుకు తెలుగు ఎట్లున్నదో అట్లే యుంచి, ఒక్క అక్షరమునైన దిద్దక పైసంచికలో ప్రకటింపవలసినదని సంపాదకులను ప్రార్థించుచున్నాము.